మానవీయ శాస్త్రాల పరిశోధన రచనలో ఆకరాలను సరిగా పేర్కొనడం: తొలి నోట్సు నుంచి తుది పరిశీలన దాకా

పరిశోధన వ్యాసంలో ఒక ఆకరాన్ని పేర్కొనడమంటే, మనకు ఆ మాట ఎక్కడ దొరికిందో సరిగ్గా ఆ చోటికే పాఠకుడూ వెళ్ళి చూడగలిగేలా దారి చెప్పడం. చరిత్ర, సాహిత్యం, తత్త్వశాస్త్రం, కళాచరిత్ర వంటి మానవీయ శాస్త్రాల్లో ఈ పని బరువు ఇంకా ఎక్కువ. ఇక్కడ వాదానికి ఆధారమయ్యేది ఫలానా ముద్రణలో ఫలానా పుటలో ఉన్న ఒక వాక్యం, ఒక దస్తావేజులోని తేదీ, రాతప్రతి అంచున ఎవరో చేర్చిన వ్యాఖ్య. ఆ వాక్యం నిజంగా అక్కడ ఉందా, ఉంటే వ్యాసకర్త చెబుతున్న అర్థంలోనే ఉందా అని పాఠకుడు తేల్చుకోవడానికి మిగిలే మార్గం మనమిచ్చే సూచిక ఒక్కటే.

అయినా ఈ విషయం నేర్పేటప్పుడు కామా ఎక్కడ, చుక్క ఎక్కడ, ఏ పేరు వాలు అక్షరాల్లో అన్న దగ్గరే చాలాసార్లు ఆగిపోతుంటారు. అవి అవసరమే కానీ, అన్నిటికన్నా తేలికైనవి. నియమావళి పక్కన పెట్టుకుంటే ఎవరైనా సరిదిద్దగలరు. తప్పులు నిజంగా పుట్టేది అంతకు ఎంతో ముందు, పుస్తకం తెరిచి నోట్సు రాసుకునే సమయంలో. పుట సంఖ్య రాసుకోకపోయినా, చూసిన ముద్రణ ఏదో గుర్తు పెట్టుకోకపోయినా, ఎవరి మాట ఏదో వేరుచేసి ఉంచుకోకపోయినా కొన్ని నెలల తరవాత ఏ నియమావళీ ఆ లోటును పూడ్చలేదు. అందుకే ఈ మార్గదర్శి పని జరిగే వరసలోనే, చదువుతో మొదలై తుది పరిశీలనతో ముగుస్తుంది.

మొదటి అడుగు: చదువుతున్నప్పుడే వివరాలు సేకరించడం

పుస్తకం చేతికి రాగానే దాని వివరాలను అట్ట మీద నుంచి కాక లోపలి శీర్షిక పుట నుంచి, దాని వెనక పుట నుంచి రాసుకోవాలి. అట్ట మీద ఉపశీర్షిక వదిలేయడం, సంపాదకుడి పేరును రచయిత పేరులా వేయడం తరచుగా జరిగేదే. రచయిత పూర్తి పేరు, శీర్షిక, ఉపశీర్షిక, సంపాదకులు, అనువాదకులు, ఎన్నో కూర్పు, ప్రచురణకర్త, సంవత్సరం అన్నీ ఆ రెండు పుటల్లోనే దొరుకుతాయి. సంవత్సరం విషయంలో ఒక జాగ్రత్త అవసరం. పాఠాన్ని మార్చి వేసిన కొత్త కూర్పు వేరు, అదే పాఠాన్ని మళ్ళీ అచ్చు వేసిన పునర్ముద్రణ వేరు. కొత్త కూర్పులో పుటలు, కొన్నిసార్లు వాదం కూడా మారిపోతాయి కాబట్టి మీరు చదివిన కూర్పు సంవత్సరాన్నే ఇవ్వాలి. ఆ రచన మొదట ఎప్పుడు వచ్చిందన్నది మీ వాదానికి అవసరమైతే దాన్ని అదనంగా చేర్చాలి. శీర్షిక పుటనూ దాని వెనక పుటనూ ఫోనుతో ఫొటో తీసి పెట్టుకుంటే, పుస్తకం గ్రంథాలయానికి తిరిగి వెళ్ళిపోయాక కలిగే సందేహాల్లో చాలా భాగం తీరిపోతుంది.

ఇక నోట్సు రాసే పద్ధతి. రాసుకునే ప్రతి వాక్యం మూడు రకాల్లో ఏదో స్పష్టంగా తెలియాలి: రచయిత మాటలు అక్షరాలా దించుకున్నవా, రచయిత భావాన్ని మీ మాటల్లో చెప్పుకున్నదా, లేక చదువుతుండగా మీకు తోచిన ఆలోచనా. దించుకున్న మాటలకు అప్పటికప్పుడే కొటేషన్ గుర్తులు పెట్టి, మీ ఆలోచనలను వేరే రంగులోనో వేరే వరసలోనో ఉంచి, మూడింటికీ పుట సంఖ్య వేయాలి. దించుకున్న వాక్యం ఒక పుట చివర మొదలై తరవాతి పుటలో ముగిస్తే, పుట ఎక్కడ మారిందో మధ్యలో ఒక గీతతో గుర్తించాలి. వ్యాసంలో ఆ వాక్యంలో సగమే వాడుకున్నప్పుడు ఏ పుట సంఖ్య ఇవ్వాలో అప్పుడే తెలుస్తుంది. ఉద్దేశం లేకుండా జరిగిపోయే గ్రంథచౌర్యంలో చాలా భాగానికి మూలం ఈ వేరుచేయడంలోని నిర్లక్ష్యమేనని నేను గట్టిగా నమ్ముతాను. దించుకున్న వాక్యమే కొంతకాలానికి సొంత వాక్యంలా కనిపించి, వ్యాసంలోకి ఏ గుర్తూ లేకుండా చేరిపోతుంది.

ఆకరాలను కంప్యూటర్లో భద్రపరచడానికి జొటెరో, మెండెలే, ఎండ్‌నోట్ వంటి సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. వీటిలో జొటెరో 2006లో జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలోని చరిత్రకారుల కేంద్రం నుంచి వచ్చింది, ఉచితంగా దొరుకుతుంది. పెద్ద సిద్ధాంత వ్యాసం రాసేవారికి ఇటువంటిది ఒకటి ఉండి తీరాలి. అయితే ఇవి వివరాలను గ్రంథాలయ జాబితాల నుంచీ వెబ్ పుటల నుంచీ తెచ్చుకుంటాయి కాబట్టి అక్కడున్న తప్పులన్నీ యథాతథంగా వచ్చి చేరతాయి. సంపాదకుణ్ణి రచయితగా చూపడం, పునర్ముద్రణ సంవత్సరాన్ని తొలి ముద్రణ సంవత్సరంగా చూపడం, ఇంటిపేరును అసలు పేరునూ తారుమారు చేయడం వీటిలో సర్వసాధారణం. ఒక ఆకరాన్ని చేర్చిన వెంటనే శీర్షిక పుటతో సరిపోల్చి సరిచేస్తే ఆ పని ఒక నిమిషంలో అయిపోతుంది. అన్నిటినీ చివరికి వదిలేస్తే రోజులు పడుతుంది.

రెండవ అడుగు: ఎక్కడ ఆకరం ఇవ్వాలో నిర్ణయించుకోవడం

ఇతరుల మాటలను అక్షరాలా ఎత్తి రాసినప్పుడు ఆకరం ఇవ్వాలన్నది అందరికీ తెలుసు. ఇతరుల వాదాన్ని మన మాటల్లో చెప్పినప్పుడూ అంతే కచ్చితంగా ఇవ్వాలి. ఒక చరిత్రకారుడు సంఘటనలను ఒక ప్రత్యేక క్రమంలో పేర్చి చూపితే ఆ పేర్పు ఆయనదే. ఒక విమర్శకురాలు రెండు కావ్యాల మధ్య పోలికను మొదట గుర్తిస్తే ఆ గుర్తింపు ఆమెదే. దాన్ని వాడుకుంటూ, రెండు కావ్యాలనూ నేరుగా చదివి ఉదాహరణలు తెచ్చుకున్నామన్న కారణంతో ఆమె పేరు చెప్పకపోవడం అన్యాయం. మరొకరి ఉదాహరణల ఎంపిక, మరొకరు వేసిన పట్టిక, మరొకరు వెతికి తీసిన దస్తావేజు, మన సొంత పాత వ్యాసం కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

మాటలు మార్చి రాయడం గురించి ఒక హెచ్చరిక అవసరం. మూలంలోని వాక్యం వరసను అలాగే ఉంచి, నాలుగైదు మాటలకు పర్యాయపదాలు వేస్తే అది మన వాక్యం కాదు. చివర ఆకరం ఇచ్చినా ఆ దోషం పోదు. మూలాన్ని మూసిపెట్టి, ఆ విషయం తెలియని మనిషికి వివరిస్తున్నట్టు రాసి, ఆ తరవాత పుస్తకం తెరిచి అర్థం చెడలేదని సరిచూసుకోవడం మంచి పద్ధతి. మూలంలోని పదం ఏదైనా వదులుకోలేనిదైతే దాన్ని కొటేషన్ గుర్తుల మధ్య ఉంచాలి.

అందరికీ తెలిసిన విషయానికి ఆకరం అక్కర్లేదు. ఫ్రెంచి విప్లవం 1789లో మొదలైందని చెప్పడానికి ఎవరి సాక్ష్యమూ అవసరం లేదు. అది ఎందుకు మొదలైంది అన్న వాక్యానికి మాత్రం అవసరం, ఎందుకంటే కారణాల దగ్గరికి వచ్చేసరికి చరిత్రకారులు ఏకాభిప్రాయంతో లేరు. ఆ రంగంలోని సామాన్య గ్రంథాలన్నీ వివాదం లేకుండా ఒప్పుకున్నదైతే వదిలేయవచ్చు. సందేహం ఉంటే ఇవ్వడమే క్షేమం. అలాగని ప్రతి వాక్యానికీ పది పుస్తకాల పేర్లు గుచ్చడం పాండిత్యం అనిపించుకోదు. వాటిలో ఏది ఆ వాక్యాన్ని నిజంగా నిలబెడుతోందో పాఠకుడికి తెలియకుండా పోతుంది.

పేరా మొత్తం ఒకరి వాదాన్ని సంగ్రహిస్తూ, చివర మాత్రమే ఒక సూచిక పెట్టడం మరో సాధారణ లోపం. ఆ సూచిక చివరి వాక్యానికా, పేరా అంతటికా అన్నది పాఠకుడు ఊహించుకోవలసి వస్తుంది. పేరా మొదటి వాక్యంలోనే ఆ రచయిత పేరు తెచ్చి, సంగ్రహం ముగిసి మీ మాట మొదలయ్యే చోట వాక్యంలోనే ఆ సంగతి తెలియజేస్తే ఈ అస్పష్టత ఉండదు.

మూడవ అడుగు: ఒక పద్ధతిని ఎంచుకుని దానికే కట్టుబడటం

మీ విశ్వవిద్యాలయమో, వ్యాసం పంపబోయే పత్రికో ఒక పద్ధతిని నిర్దేశిస్తే ఇక ఆలోచించనక్కర్లేదు, దాన్నే పాటించాలి. ఎంపిక మీ చేతిలో ఉంటే ప్రధానంగా రెండు దారులున్నాయి. సాహిత్య, భాషాధ్యయనాల్లో ఎక్కువగా మోడరన్ లాంగ్వేజ్ అసోసియేషన్, అంటే ఎం.ఎల్.ఏ. పద్ధతి వాడుకలో ఉంది. దాని కరదీపిక తొమ్మిదవ కూర్పు 2021లో వచ్చింది. చరిత్ర, కళాచరిత్ర రంగాల్లో షికాగో మాన్యువల్ ఆఫ్ స్టైల్ చెప్పే పాదసూచికల పద్ధతి బలంగా ఉంది. 1906లో మొదలైన ఆ గ్రంథం పద్దెనిమిదవ కూర్పు 2024లో వెలువడింది. షికాగోలోనే రచయిత–సంవత్సరం పద్ధతి కూడా ఉంది కానీ దాన్నీ, సైకాలజీ నుంచి వచ్చిన అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్, అంటే ఏ.పీ.ఏ. పద్ధతినీ ఎక్కువగా సామాజిక శాస్త్రాల వారు వాడతారు. ఆ రంగాల్లో పరిశోధన ఎంత కొత్తదన్నది ముఖ్యం కాబట్టి సంవత్సరం వాక్యంలోనే కనబడాలి. సాహిత్య విమర్శకుడికి సంవత్సరం కన్నా పుట ముఖ్యం కాబట్టి ఎం.ఎల్.ఏ. బ్రాకెట్లో పేరూ పుటా మాత్రమే ఉంటాయి. దస్తావేజుల మీద ఆధారపడే చరిత్రకారుడికి ఒక ఆకరం వివరమే రెండు మూడు వరుసలు పట్టవచ్చు, రెండు ఆకరాలు ఒకదానితో ఒకటి విభేదిస్తే ఆ సంగతి చర్చించవలసి రావచ్చు. అందుకే ఆయన పాదసూచికను వదులుకోడు. పద్ధతిని ఎంచుకునేటప్పుడు మీ ఆకరాలు ఎటువంటివో చూసుకోవడమే సరైన కొలత.

ఒకే పుస్తకం వేర్వేరు పద్ధతుల్లో ఎలా కనబడుతుందో చూద్దాం. పేర్లను ఇక్కడ చదవడానికి వీలుగా తెలుగు లిపిలో ఇస్తున్నాను. మీ వ్యాసంలో మాత్రం పుస్తకం పేరు అది అచ్చైన లిపిలోనో, మీరు మొదటే ప్రకటించిన లిప్యంతరీకరణ పద్ధతిలోనో ఉండాలి. పుటను ఉదాహరణకు 20 అనుకుందాం.

షికాగో పాదసూచిక, మొదటిసారి: ఎడ్వర్డ్ డబ్ల్యూ. సయీద్, ఓరియంటలిజం (పాంథియన్ బుక్స్, 1978), 20.
షికాగో పాదసూచిక, తరవాత వచ్చినప్పుడు: సయీద్, ఓరియంటలిజం, 20.
ఎం.ఎల్.ఏ., వాక్యం చివర: (సయీద్ 20).
షికాగో రచయిత–సంవత్సరం: (సయీద్ 1978, 20).
ఏ.పీ.ఏ.: (సయీద్, 1978, పు. 20).
గ్రంథసూచిలో ఎం.ఎల్.ఏ.లోనూ, షికాగో పాదసూచికల పద్ధతిలోనూ: సయీద్, ఎడ్వర్డ్ డబ్ల్యూ. ఓరియంటలిజం. పాంథియన్ బుక్స్, 1978.

షికాగో పాత కూర్పుల్లో ప్రచురణకర్తకు ముందు న్యూయార్క్ అని ఊరి పేరు కూడా ఉండేది. 1900 తరవాతి పుస్తకాలకు అది అవసరం లేదని పద్దెనిమిదవ కూర్పు తీర్మానించింది. దానితో మామూలు పుస్తకాల విషయంలో ఈ రెండు పద్ధతుల గ్రంథసూచి దాదాపు ఒకటైపోయింది. పాత వ్యాసాలను నమూనాగా పెట్టుకునేవారు ఇటువంటి మార్పులు గమనించకపోతే ఒకే వ్యాసంలో రెండు కూర్పుల నియమాలు కలిసిపోతాయి. ఏ కూర్పును అనుసరిస్తున్నారో మొదటి రోజే నిర్ణయించుకోవాలి.

నాలుగవ అడుగు: లోపలి రచననూ, దాన్ని మోసే సంపుటినీ వేరుచేయడం

పత్రికలో వ్యాసం, సంకలనంలో అధ్యాయం, కవితా సంపుటిలో ఒక కవిత, ఇవన్నీ మరొక పెద్దదానిలో ఇమిడి ఉన్న రచనలు. ఎం.ఎల్.ఏ. 2016లో తెచ్చిన మార్పు ఈ సంబంధాన్నే ఆధారం చేసుకుంది. ఆకరం ఏ రకమైనదైనా రచయిత, రచన పేరు, దాన్ని మోసే సంపుటి పేరు, ఇతర సహకర్తలు, కూర్పు, సంఖ్య, ప్రచురణకర్త, తేదీ, స్థానం అనే తొమ్మిది అంశాలను ఇదే వరసలో వెతికి, ఉన్నవి రాసి లేనివి వదిలేయమంటుంది. మీరు ఏ పద్ధతి వాడినా ఈ ఆలోచన పనికొస్తుంది, ఎందుకంటే రేపు ఏ కొత్త రకం ఆకరం ఎదురైనా ఇదే ప్రశ్నలు వేసుకోవచ్చు.

పత్రికా వ్యాసానికి షికాగో గ్రంథసూచి రూపం ఇలా ఉంటుంది: స్కాట్, జోన్ డబ్ల్యూ. “జెండర్: ఎ యూజ్‌ఫుల్ కేటగిరీ ఆఫ్ హిస్టారికల్ అనాలిసిస్.” అమెరికన్ హిస్టారికల్ రివ్యూ 91, సంచిక 5 (1986): 1053–1075. ఇక్కడ 91 సంపుటి సంఖ్య. చివరనున్నది వ్యాసం మొత్తం విస్తరించిన పుటలు. పాదసూచికలో మాత్రం ఈ విస్తృతి ఇవ్వకూడదు, మీరు ఆధారపడిన ఒకటో రెండో పుటలనే ఇవ్వాలి. ఇరవై మూడు పుటల వ్యాసాన్ని మొత్తంగా చూపి ఒక వాక్యానికి ఆధారం అనడం పాఠకుణ్ణి వెతుక్కోమని వదిలేయడమే.

సంకలనంలోని అధ్యాయం విషయంలో జరిగే పెద్ద పొరపాటు, అధ్యాయ రచయితకు దక్కవలసిన మాటను సంకలన సంపాదకులకు కట్టబెట్టడం. గాయత్రీ చక్రవర్తి స్పివాక్ రాసిన “కెన్ ది సబాల్టర్న్ స్పీక్?” అనే వ్యాసం 1988లో కేరీ నెల్సన్, లారెన్స్ గ్రాస్‌బర్గ్ సంపాదకత్వంలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం వేసిన సంకలనంలో 271–313 పుటల్లో ఉంది. సూచిక స్పివాక్ పేరుతో మొదలై, వ్యాసం పేరు, ఆపైన సంకలనం పేరు, సంపాదకుల పేర్లు వస్తాయి. ఈ వ్యాసమే మరో పాఠం కూడా నేర్పుతుంది. స్పివాక్ దీన్ని బాగా మార్చి 1999లో తన సొంత గ్రంథంలో చేర్చారు. 1988 పాఠంలోని వాక్యం గురించి వాదిస్తూ 1999 గ్రంథాన్ని ఆకరంగా చూపితే, వెతికిన పాఠకుడికి ఆ వాక్యం కనబడకపోవచ్చు. చదివిన పాఠం ఏదో దాన్నే చూపాలి.

ఐదవ అడుగు: వాక్యంలో ఆకరాన్ని ఇమడ్చడం

పాదసూచిక సంఖ్యను సాధారణంగా వాక్యం చివర, విరామ చిహ్నం తరవాత పెట్టాలి. ఒకే వాక్యంలో రెండు వేర్వేరు ఆకరాల నుంచి వచ్చిన విషయాలుంటే, ఏది దేనిదో తెలిసేలా ఉపవాక్యం చివర ఒకటి, వాక్యం చివర ఒకటి ఉంచవచ్చు. అదే ఆకరం వెంటవెంటనే వచ్చినప్పుడు “పైదే” అని రాసే అలవాటు మనకు చాలాకాలంగా ఉంది. 2017 నాటి కూర్పు నుంచి షికాగో ఈ అలవాటును ప్రోత్సహించడం లేదు; ఇంటిపేరు, కుదించిన శీర్షిక, పుట ఇమ్మంటుంది. నేనూ అదే సలహా ఇస్తాను. సవరణలో మధ్యన ఒక కొత్త సూచిక చేరితే “పైదే” చడీచప్పుడు లేకుండా తప్పు పుస్తకాన్ని చూపడం మొదలుపెడుతుంది. “పూర్వోక్తం” ఇంకా ఇబ్బంది పెడుతుంది, ఆ పుస్తకం పూర్తి వివరం కోసం యాభై పుటలు వెనక్కి తిప్పవలసి వస్తుంది.

పొడవైన ఉటంకింపును కొటేషన్ గుర్తులు తీసేసి, ఎడమ అంచు నుంచి లోపలికి జరిపి విడిగా పెట్టాలి. ఎం.ఎల్.ఏ. ప్రకారం వచనమైతే నాలుగు పంక్తులు, పద్యమైతే మూడు పంక్తులు దాటినప్పుడు, షికాగో ప్రకారం సుమారు 100 మాటలు, ఏ.పీ.ఏ. ప్రకారం 40 మాటలు లేదా అంతకు మించి ఉన్నప్పుడు ఇలా చేస్తారు. ఉటంకింపులో మాటలు వదిలేస్తే మూడు చుక్కలు, మీ మాట చేరిస్తే చదరపు బ్రాకెట్లు తప్పనిసరి. వదిలేసిన మాటల వల్ల వాక్యం మొగ్గు మారకూడదు. “అయితే” అనే మాటకు ముందున్న సగాన్ని మాత్రమే ఎత్తి చూపి, తరవాతి సగంలో రచయిత దాన్ని ఖండించిన సంగతి దాచిపెట్టడం, పుట సంఖ్య ఎంత సరిగ్గా ఉన్నా, అబద్ధమే అవుతుంది. నొక్కి చూపడానికి మీరేదైనా మాటను వాలు అక్షరాల్లో పెడితే ఆ సంగతి అక్కడే చెప్పాలి. మూలంలోని పాత వర్ణక్రమాన్ని, అచ్చుతప్పులను మీరు దిద్దకూడదు.

ఆరవ అడుగు: చిక్కు ఆకరాలు

మానవీయ శాస్త్రాల్లో అసలు శ్రమ ఇక్కడే ఉంది.

ప్రాచీన గ్రంథాలను పుట సంఖ్యతో కాక, ఏ ముద్రణలోనైనా పనిచేసే సంప్రదాయ విభాగాలతో సూచిస్తారు. ప్లేటో రచనలకు ఆంరీ ఎస్తియెన్ 1578లో అచ్చువేసిన ముద్రణ పుటలే నేటికీ కొలమానం. రిపబ్లిక్‌లోని గుహ వర్ణన 514ఏ దగ్గర మొదలవుతుందంటే ప్రామాణికమైన ఏ అనువాదం పట్టుకున్నా దాదాపుగా ఆ సంఖ్య కనబడుతుంది. అరిస్టాటిల్‌కు అలాగే బెర్లిన్‌లో 1831 నుంచి వచ్చిన బెకర్ ముద్రణ సంఖ్యలు వాడతారు. పొయెటిక్స్‌లో విషాదాంత నాటక నిర్వచనం 1449బీ దగ్గర ఉంటుంది. నాటకాలకు అంకం, రంగం, పంక్తి. ఋగ్వేదానికి మండలం, సూక్తం, ఋక్కు. మన కవిత్రయ భారతానికి పర్వం, ఆశ్వాసం, పద్యం లేదా గద్యం సంఖ్య. ఈ సంఖ్యలు ఇచ్చినంత మాత్రాన ముద్రణ వివరం అక్కర్లేదనుకోకూడదు. షేక్‌స్పియర్ నాటకాల పంక్తి సంఖ్యలు ఒక సంపాదకుడి నుంచి మరొకరికి మారతాయి. సంస్కృత మహాభారతంలో పుణెలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ రాతప్రతులను పోల్చి 1933–1966 మధ్య వెలువరించిన సంశోధిత ముద్రణకూ, అంతకు ముందరి ప్రచలిత పాఠాలకూ శ్లోక సంఖ్యలు సరిపోవు. కొన్ని శ్లోకాలు ఒకదానిలో ఉండి మరొకదానిలో ఉండవు. కాబట్టి మొదటి సూచికలోనే, ఈ వ్యాసంలో సంఖ్యలన్నీ ఫలానా ముద్రణవి అని ప్రకటించాలి.

అనువాదంలో చదివిన గ్రంథానికి అనువాదకుడి పేరు తప్పనిసరి. మిషెల్ ఫూకో 1975లో ఫ్రెంచిలో ప్రచురించిన గ్రంథాన్ని అలన్ షెరిడన్ డిసిప్లిన్ అండ్ పనిష్ పేరుతో ఇంగ్లీషు చేశారు, అది 1977లో వచ్చింది. మీరు ఉటంకించే ఇంగ్లీషు మాటలు షెరిడన్ ఎంచుకున్నవి. ఒక్కొక్క పదం మీద వాదం నిలబెట్టేటప్పుడు మూలాన్ని కూడా చూడాలి, చూడలేకపోతే అంతటి వాదం చేయకూడదు. అనువాదం మీరే చేస్తే “అనువాదం నాది” అని ఒకసారి పాదసూచికలో చెప్పి, ముఖ్యమైన చోట్ల మూల వాక్యాన్నీ అక్కడే ఇవ్వాలి.

ఒక పుస్తకంలో మరో పుస్తకం నుంచి ఎత్తిన వాక్యం మీకు నచ్చిందనుకోండి. మొదట చేయవలసింది ఆ మూల గ్రంథాన్ని వెతికి పట్టుకోవడం. అది దొరక్కపోతే, అసలు రచయిత పేరు వాక్యంలో చెప్పి, సూచికలో మాత్రం “ఫలానా గ్రంథంలో ఉటంకించినది” అని మీరు చూసిన పుస్తకం వివరాన్నే ఇవ్వాలి. చూడని పుస్తకాన్ని చూసినట్టు పాదసూచికలో ఎక్కించడం నిజాయితీ లేని పని మాత్రమే కాదు, ప్రమాదకరం కూడా. మధ్యవర్తి పుట సంఖ్య తప్పుగా వేసి ఉంటే ఆ తప్పు మీ పేరు మీదుగా మరో తరానికి చేరుతుంది. ఈ ఒక్క విషయంలో ఎంత కఠినంగా ఉన్నా ఎక్కువ కాదు.

దస్తావేజులకు, రాతప్రతులకు పెద్దదాని నుంచి చిన్నదానికి ఆలోచించాలి: ఏ సంస్థ, ఏ సేకరణ, ఏ పెట్టె, ఏ ఫైలు, ఏ పత్రం, ఏ తేదీ. ప్రతి ఆర్కైవ్‌కూ తన సామగ్రిని ఎలా పేర్కొనాలో ఒక పద్ధతి ఉంటుంది; అక్కడ కూర్చున్న రోజే అడిగి రాసుకోవాలి. రాతప్రతుల్లో పుటలకు బదులు ఆకులను లెక్కిస్తారు కాబట్టి 12వ ఆకు ముందువైపా వెనకవైపా అన్నది కూడా చెప్పాలి. చిత్రాలకు, శిల్పాలకు కళాకారుడు, పేరు, కాలం, మాధ్యమం, ఇప్పుడున్న మ్యూజియం ఇస్తే చాలు; పుస్తకంలోని ఫొటో మాత్రమే చూసి ఉంటే ఆ పుస్తకాన్నీ చెప్పాలి. ఇంటర్వ్యూలకు మాట్లాడినవారి అనుమతితో పేరు, తేదీ, ఎదురుగా మాట్లాడారా ఫోనులోనా అన్నది ఇస్తారు.

ఇంటర్నెట్ ఆకరాల్లో పెద్ద సమస్య అవి నిలవకపోవడం. పత్రికా వ్యాసానికి డీ.ఓ.ఐ. ఉంటే బ్రౌజర్‌లోని పొడవాటి చిరునామా బదులు దాన్నే ఇవ్వాలి. 10తో మొదలయ్యే ఈ శాశ్వత సంఖ్యలు 2000 నుంచి వాడుకలో ఉన్నాయి, ప్రచురణకర్త వెబ్‌సైట్ మారినా ఇవి వ్యాసం దగ్గరికే తీసుకెళతాయి. అటువంటిది లేని వెబ్ పుటను చూసిన రోజే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో భద్రపరచి ఆ చిరునామా కూడా ఇవ్వడం మంచిది. ప్రచురణ తేదీ లేని పుటకు, తరచూ మారే పుటకు మీరు చూసిన తేదీ చేర్చాలి. స్కాన్ చేసిన పాత పుస్తకం చదివితే అచ్చు పుస్తకం వివరమే ఇచ్చి, స్కాన్ చిరునామా చివర చేర్చాలి. అయితే ఫైలు చూపే పుట సంఖ్య, కాగితం మీద అచ్చైన పుట సంఖ్య ఒకటి కావు, ఇవ్వవలసింది రెండోది. పుటలు స్థిరంగా లేని ఈ-పుస్తకంలో పరికరం చూపే స్థానసంఖ్యకు బదులు అధ్యాయం, విభాగం ఇవ్వాలి.

చాట్‌జీపీటీ వంటి ఉపకరణాలను రచయితలుగా పేర్కొనవద్దని ఎం.ఎల్.ఏ. 2023లో స్పష్టం చేసింది; వాటి పాఠాన్ని వాడితే ఏమి అడిగారో, ఏ ఉపకరణమో, ఏ తేదీనో తెలియజేయాలి. అంతకన్నా ముఖ్యమైనది, ఇవి లేని పుస్తకాలకు, లేని వ్యాసాలకు నమ్మదగినట్టు కనిపించే సూచికలు తయారుచేసి ఇస్తాయి. అవి చూపిన ఏ ఆకరాన్నీ మీ కళ్ళతో చూడకుండా వ్యాసంలోకి రానివ్వకూడదు.

ఏడవ అడుగు: గ్రంథసూచి, పేర్ల వరస

ఎం.ఎల్.ఏ. జాబితాలో వ్యాసంలో పేర్కొన్నవి మాత్రమే ఉంటాయి. షికాగో గ్రంథసూచిలో చదివి ప్రయోజనం పొందినవీ ఉండవచ్చు. చరిత్ర వ్యాసాల్లో ప్రాథమిక ఆకరాలను, ద్వితీయ గ్రంథాలను వేరు శీర్షికల కింద పెట్టడం పాఠకుడికి మేలు చేస్తుంది. ముగ్గురు అంతకు మించి రచయితలుంటే ఎం.ఎల్.ఏ. మొదటి పేరిచ్చి “తదితరులు” అనమంటుంది.

పాశ్చాత్య నియమావళులు ఇంటిపేరును ముందుకు తెచ్చి కామా పెట్టమంటాయి. ఇంటిపేరు ముందే ఉండే తెలుగు పేర్లలో అలా తిప్పవలసిన పని లేదు. చైనీయుల పేర్ల విషయంలో షికాగో చేసినట్టే, ఉన్న వరసలో కామా లేకుండా రాయవచ్చు. అదే రచయిత ఇంగ్లీషు పుస్తకం మీద పేరును తిప్పి రాసుకుని ఉంటే రెండు చోట్లా ఒకే వ్యక్తి అని తెలిసేలా ఒకే రూపం కింద చేర్చాలి. ఇంటిపేరు పొడి అక్షరాల్లో ఉన్నవారిని ఆ పొడి అక్షరంతో వరసలో పెడతారా, అసలు పేరుతోనా అన్నది ముందే తేల్చుకుని అందరికీ అదే పాటించాలి. రెండు లిపుల గ్రంథాలుంటే ఏ లిపివి ఆ లిపి అక్షర క్రమంలో విడివిడి జాబితాలుగా ఇస్తే గజిబిజి ఉండదు.

ఎనిమిదవ అడుగు: తుది పరిశీలన

ఈ పనికి వ్యాసం రాయడం ముగిశాక ప్రత్యేకంగా సమయం కేటాయించుకోవాలి. మొదట వ్యాసంలోని ప్రతి సూచికకూ గ్రంథసూచిలో జోడీ ఉందో లేదో, ఆ తరవాత ఎం.ఎల్.ఏ. వంటి పద్ధతుల్లో జాబితాలోని ప్రతి గ్రంథమూ వ్యాసంలో ఎక్కడో వచ్చిందో లేదో చూడాలి. రెండో విడతలో ఉటంకింపులన్నిటినీ నోట్సుతో కాక మూల పుస్తకంతోనే, వీలైతే మరొకరు పైకి చదువుతుండగా, మాట మాటకూ సరిచూడాలి. నోట్సులో దొర్లిన తప్పు నోట్సుతో పోల్చితే ఎప్పటికీ బయటపడదు. చిరునామాలన్నీ ఒకసారి తెరిచి చూడాలి.

మూడో విడత అందరూ వదిలేసేది, అన్నిటికన్నా విలువైనది. మూలంలో ఆ పుటతో పాటు దాని ముందూ వెనకా పుటలు కూడా చదివి, మీ వాక్యం చెబుతున్నంత గట్టిగా ఆకరం చెబుతోందా అని అడగాలి. ఆకరం “కొన్ని చోట్ల” అన్నది మీ వాక్యంలో “అంతటా” అయిపోయి ఉండవచ్చు. రచయిత ప్రశ్నగా వదిలినది మీ దగ్గర నిర్ధారణగా మారి ఉండవచ్చు. అటువంటి చోట మీ వాక్యాన్నే ఆకరం భరించగలిగినంతకు తగ్గించి రాయాలి. ఎంత వెతికినా మూలం దొరకని వాక్యం మిగిలిపోతే, దానికి ఉజ్జాయింపుగా ఒక సూచిక తగిలించకుండా ఆ వాక్యాన్ని వ్యాసం నుంచి తొలగించాలి.